హీరోయిన్ చేతులు

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: ప్రేమ నవలలు రాసే జయలక్ష్మమ్మ, బంగారు గని ఆఫీసుకు సెలవు పెట్టి ఆమె నవలను సాపు రాస్తున్న మొగుడు గుండప్ప, నడవలో రాగులు చెరుగుతున్న అత్త నారాయణమ్మ, నవల రాయడం నేర్చుకుందామని వచ్చి అంట్లు తోముతున్న మునిరత్న. పనిమనిషి మారమ్మ మాత్రం లేదు. మాస్తి పక్కనున్న వాళ్ళ ఊళ్ళో పట్టుపురుగులు నాలుగోసారి పొర విడిచే జ్వరం దాటి మల్బరీ ఆకు మీద పడ్డాయని పదిహేను రోజుల కిందట పోయింది. అవి గూళ్ళు కట్టేదాకా ఆ ఇంటి మనుషులకు నిద్ర కూడా ఉండదు, ఇంక రావడమెక్కడ.

మునిరత్న బూడిద చేతులు కడుక్కుని, పొద్దుటినుంచీ గొంతులో నలుగుతున్న మాటను బయటికి తెచ్చింది.

"అమ్మా, నా కథ ఈ పొద్దన్నా చూస్తారా?"

బంగారుపేట నుంచి ఈ గనుల ఊరికి రోజూ రైలెక్కి వచ్చేది ఆ ఒక్క ఆశతోనే. జయలక్ష్మమ్మ 'మంజుహాసిని' పేరుతో వారపత్రికలకు రాస్తుంది. ఆమె ఒక మాట రాసిచ్చి పంపితే కథ అచ్చవుతుంది. కథ అచ్చయితే మునిరత్న కాలేజీకి, కాకపోతే ఆవుల వెంట. వాళ్ళ నాన్న పాపన్న ఉగాది దాకా గడువిచ్చాడు.

"చూడకుండా యాడికి పోతాను? ముందు చెయ్యి చూపించు," అంది జయలక్ష్మమ్మ.

మునిరత్న చేతులు చాపింది. జయలక్ష్మమ్మ వాటిని తిప్పి చూసి పెదవి విరిచింది.

"ఇంగా మెత్తగా ఉండాయి. మన హీరోయిన్ అందరికీ చాకిరీ చేసి చేతులు కాయలు కాసిన పిల్ల. కాయలే కాయకపోతే దాని బాధ నువ్వెట్ల రాస్తావు?"

ఆమె పాఠాలన్నీ అలాగే ఉండేవి. పేదరికం పాఠానికి ఇల్లు అలకాలి. కన్నీటి పాఠానికి ఉల్లిగడ్డలు తరగాలి. విరహం పాఠానికి బిందె తీసుకుని కొళాయి దగ్గర వరసలో నిలబడాలి. "ఎదురు చూసేది తెలిస్తే విరహం దానంతటదే వస్తాది," అని చెప్పి పంపేది. హీరో ఎట్లా ఉండాలో మాత్రం చెప్పలేదు. అది ఆఖరి పాఠమట.

"సరే, ఒక మాట చెప్పు. హీరో మొట్టమొదట ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత?"

మునిరత్న తల వంచుకుని, చెవులు ఎర్రబడుతుండగా చెప్పింది. "ఆమె కాళ్ళ కింద భూమి అదిరింది."

నడవలో చేట దబ్బున కింద పడింది. నారాయణమ్మ ఒళ్ళో రాగులన్నీ రాల్చుకుంటూ లేచి నిలబడింది. ఆ ఊళ్ళో భూమి అదిరిందంటే గనిలో రాళ్ళు కూలినట్టే.

"యాడ అదిరింది? ఏ షాఫ్ట్‌లో? లోపల ఎవరెవరు ఉండారు?"

"గని కాదత్తా, ప్రేమ."

"ప్రేమకు భూమి ఎందుకే అదిరేది? మీ మామ నా చెయ్యి పట్టుకుంటే మంచం గూడా అదర్లేదు."

లోపల గుండప్ప పొడిదగ్గు దగ్గాడు. జయలక్ష్మమ్మ దాన్ని విననట్టే మునిరత్న వైపు తిరిగింది.

"చూసినావా, చదివేవాళ్ళు నమ్మలేదు. నీకు అనుభవం చాలదు. పొయ్యి మీద ఎసరు కాగతా ఉండాది, పోయి సంగటి కెలుకు. ప్రేమలో వేడి ఏందో తెలుస్తాది."

"మా ఇంట్లో గూడా నేనే కెలుకుతాను గదమ్మా."

"మీ ఇంట్లో కెలికితే అది వంట. ఈడ కెలికితే సాహిత్యం."

మునిరత్న పోయి తెడ్డు పట్టుకుంది.

"హీరో కారు ఏ రంగు పెట్టేది?" అని లోపలి నుంచి గుండప్ప కేక.

"పోయినసారి తెలుపు గదా. ఎరుపు పెట్టు."

సంగటి ఇంకా దగ్గరపడనే లేదు, వీధి తలుపు చప్పుడైంది. చంకలో మూటతో, ఒంటినిండా మల్బరీ ఆకు వాసనతో మారమ్మ వచ్చి నిలబడింది.

"గూళ్ళు మార్కెట్టుకు వేసేసినాము, అమ్మా."

జయలక్ష్మమ్మ మొహం వెలిగింది. ఆమె నవలల్లో ఏ హీరోయినూ ఏ హీరోను చూసీ అంతగా వెలిగిపోయి ఉండదు. జయలక్ష్మమ్మ వంటింట్లోకి పోయి మునిరత్న చేతిలో తెడ్డు తీసి మారమ్మ చేతికిచ్చింది.

"నీ పాఠాలు అయిపోయినాయి పాపా. ఇంగ ఇంట్లో కూర్చుని రాసుకో."

"హీరో పాఠం?"

"అది పోను పోను తెలుస్తాది."

"మరి నా కథ?"

జయలక్ష్మమ్మ గూట్లో ఊరగాయ జాడీ పైకెత్తి, దాని కింద ఉన్న కాగితాలు లాగి ఇచ్చింది. మొదటి పేజీ మీద నూనె గుండ్రంగా దిగి ఉంది.

"పత్రికకు ఒక మాట రాసిస్తామంటిరి గదమ్మా."

"మారమ్మా, పాపను సాగనంపి తలుపెయ్యి. సంగటి అడుగంటతా ఉండాది."

మారమ్మ గడప దాకా వచ్చింది. కాగితాల మీది నూనె మరకను చూసింది. మునిరత్న చెయ్యి పట్టుకుని అరచేయి తడిమింది.

"కాయలు కాయలేదు. బతికిపోయినావు."

"నీకు తెలుసా ఈ పాఠాలు?" అంది మునిరత్న.

లోపల జయలక్ష్మమ్మ మళ్ళీ పిలిచింది. మారమ్మ ఒక రెక్క మూసి, రెండో రెక్క మీద గరుకు చెయ్యి వేసింది.

"నీ అంత ఉన్నప్పుడు నేనూ కథ రాసేది నేర్చుకుందామనే వచ్చింటిని పాపా. హీరో పాఠం ఇంగా రాలేదు," అని తలుపేసింది.