జుర్రుబాబు

"అగ్నిపర్వతం పక్కన కాసిన గింజలంటున్నావు. తాగితే పేగులు కాలిపోవు కదరా?"

వంటగది గుమ్మంలో నిలబడి అడిగింది తల్లి.

"హవాయి కాఫీ అమ్మా. పేగులేం కాలవు. ఊరికే కంగారుపడకు."

కొడుకు కాఫీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగి. కాఫీ తాగి జీతం తెచ్చుకునే పని ఎన్నాళ్లు నిలుస్తుందోనని ఆమెకు మొదటి నుంచీ గుండెల్లో రాయే. దానికి తోడు ఆ మధ్య ఓ జ్వరం అతణ్ణి పిండి ఆరేసి పోయింది. అప్పటి నుంచి కూరలో ఉప్పు రెండుసార్లు పడ్డా కిక్కురుమనడం లేదు. బుద్ధొచ్చిందని మురిసిపోయింది.

ఇవాళ కంపెనీ యజమానే ఇంటికొస్తున్నాడు. ఇంత ఖరీదైన గింజల డికాషన్ మామూలు వంటగదిలో ఎలా దిగుతుందో చూస్తాడట. రుచి గురించి కొడుకు చెప్పే మాట నచ్చితే పెద్ద పదవి.

నచ్చకపోతే?

ఆమె ఆలోచన ఎప్పుడూ ఈ రెండోదాని దగ్గరే ఆగుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, జుర్రుబాబు ఒక్కడూ ఒక ఎత్తు.

కంపెనీలో కొడుకు పక్క కుర్చీవాడు. ఆ పేరు పెట్టింది ఆమే. చెంచాడు కాఫీ నోట్లోకి లాగాడంటే వీధి చివర కుక్క లేచి మొరగాల్సిందే. సెలవురోజు కొడుకు ఇంట్లో కాఫీలు రుచి చూస్తున్నా జిడ్డులా వచ్చి పక్కనే చేరతాడు. కొడుకు నోరు తెరిచేలోపే, "నిమ్మ పులుపు... చివర్లో తేనె" అని ఎవరో అడిగినట్టు పైకే అనేస్తాడు. ఆ తర్వాత కొడుకు ఏమన్నా అది ఎంగిలి మాటే.

"నీ నోటి దగ్గర మాట లాక్కుంటున్నాడురా! రేపు కుర్చీ కూడా లాక్కుంటాడు, చూస్తూండు!"

కొడుకు నవ్వి ఊరుకునేవాడు.

తలుపు చప్పుడైంది. ఆమే తీసింది.

నలిగిన చొక్కా, నుదుటి మీద చెమట. జుర్రుబాబు!

"సార్ వచ్చేశారా అమ్మా?"

"వస్తే మీకెందుకు? ఇవాళ మిమ్మల్ని రావొద్దన్నాడు మావాడు," అనేసింది.

"తనే అన్నాడా?"

"తనే. ఎంతకాలమని మిమ్మల్ని చంకనెత్తుకుని మోస్తాడు?"

అతని మొహం మాడుతుందనుకుంది. వెలిగింది.

"అయితే తగ్గిపోయిందన్నమాట! చాలా సంతోషమమ్మా!"

చకచకా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

'తగ్గాల్సింది నీ పొగరు' అనుకుని గడియ పెట్టింది. వంటగదిలో గింజలు విసురుతున్న మర చప్పుడులో కొడుక్కి ఇదేమీ వినబడలేదు.

యజమాని వచ్చాడు. కొడుకు కాగితం వడపోతలో పొడి వేసి, సన్నటి ధారగా వేడినీళ్లు పోశాడు. పొడి ఉబ్బింది. ఇల్లంతా ఘుమఘుమ. అతని చూపు మాత్రం తలుపు మీదే.

యజమాని అతణ్ణి అటు తిరగమని, ఒక కప్పులో ఆ కాఫీ, ఇంకో కప్పులో తన ఫ్లాస్కులోని నాసిరకం కాఫీ పోశాడు.

"ఏమయ్యా, హవాయిది ఏదో చెప్పు."

కొడుకు ఒకటి రుచి చూశాడు. రెండోది చూశాడు. మళ్లీ తలుపు వైపు చూశాడు.

గుమ్మంలో ఉన్న తల్లికే ఎడమ కప్పు మాడు వాసన కొడుతోంది.

"ఇది సార్," అని ఆ ఎడమ కప్పే చూపించాడు.

యజమాని పెదవి విరిచాడు. "మా కారు తుడిచేవాడు కూడా పొరబడడయ్యా. రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు."

తలుపు పడింది.

"అంత మాడు వాసన ఎలా తెలియలేదురా? ఆ శని జుర్రుబాబుని గుమ్మంలోంచే తరిమానే, అయినా ఇదేం ఖర్మ!"

కొడుకు తలెత్తాడు. "ఆయనొచ్చాడా?"

"వచ్చాడు. నువ్వే వద్దన్నావని చెప్పి పంపేశాను. ఆ దిక్కుమాలినవాడు లేకపోతే నీకొచ్చిన నష్టమేంటిట?"

అతను రెండు కప్పులూ మార్చి మార్చి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నిన్నేరా!"

అతను కప్పులు కింద పెట్టాడు.

"ఆ జ్వరం తగ్గినప్పటి నుంచి నాకు ఏ వాసనా, ఏ రుచీ తెలియట్లేదమ్మా," అన్నాడు, "నేను విని అదే చెప్పాలని ఇన్నాళ్లూ ఆయన ముందుగా పైకి అనేవాడు."