ఉత్త సూర్యుడి పండుగ

"ముందుగాల్ల ఇది ఏ దేవుని పండుగనో చెప్పు. తర్వాతనే అగ్గిపుల్ల గియ్యి," అన్నాడు చెన్నబసప్ప, వాకిట్లో పేర్చిన కందికట్టెకు అడ్డంగా నిలబడి.

అగ్గిపెట్టె పట్టుకున్న త్రివేణి మెత్తగానే జవాబు చెప్పింది. "ఏ దేవునిది గాదు సేటు. ఇయ్యాల ఏడాదిల అన్నిటికంటే పొడుగు రాత్రి. రేపట్నుంచి పొద్దు పెరుగుతది. అందుకే పండుగ."

చెన్నబసప్ప అల్లం వ్యాపారి. ఇంటి ముందు భాగం త్రివేణికీ, ఆమె భర్త హారూన్‌కూ కిరాయికిచ్చి, వెనక భాగంలో తల్లితో తనుంటాడు. చెడ్డవాడంటే కళ్ళు పోతాయి. ఈ జంటకు ఇల్లివ్వడానికి గల్లీ గల్లీ వెనకాడినప్పుడు తాళంచెవి చేతిలో పెట్టింది ఆయనే. రంజాన్‌కు హలీం తింటాడు, క్రిస్మస్‌కు కేకు తింటాడు. ఏ దేవుడైనా ఆయనకు అభ్యంతరం లేదు. అసలు దేవుడే లేడంటే మాత్రం ఒళ్ళు మండిపోతుంది.

"పొద్దు పెరుగుతదంటున్నవ్ గద. సూర్య భగవానుడు అను, అయిపాయె. కొబ్బరికాయ నేనే తెస్త."

"భగవానుడు గాదు సేటు. ఉత్త సూర్యుడు."

"ఉత్త సూర్యునికి పండుగేంది?"

"పండుగ ఆయనకెందుకు? మాకు. చలికి వణికేది మేము. నలుగురం మంట కాడ కూసుంటం, ఝరాసంగం ఊరి నుంచి తెచ్చిన అనపకాయలు ఉడకబెట్టుకొని తింటం, నవ్వుకుంటం. పండుగంటే ఇంకేముంటది?"

గేటు దగ్గర చేరిన ఇరుగుపొరుగు నవ్వారు. నవ్వింది తన్ను చూసే అనుకున్నాడు చెన్నబసప్ప. మొహం కందగడ్డ అయింది.

"నువ్వన్న చెప్పు హారూన్. అల్లా పేరు చెప్పు, నాకేం ఫికర్ లేదు. ఎవరో ఒకరి పేరు చెప్పున్రి."

హారూన్ భార్య చెవిలో గొణిగాడు. "జర అనేసెయ్ త్రివేణీ. ఒక్క మాటనే గద. ఈ చలిల సామాన్లు మోసుకొని యాడికి పోతం? మనకు ఇల్లిచ్చేటోడు ఇంకెవడున్నడు?"

అతనిది ఉత్తుత్తి భయమేం కాదు. జహీరాబాద్‌లో వాళ్ళిద్దరూ తొక్కని గడప లేదు. త్రివేణికీ ఆ సంగతి తెలుసు. అయినా తల అడ్డంగానే ఊపింది.

"పెండ్లప్పుడు మీ ఇంట్ల ఇదే అడిగిన్రు, మా ఇంట్ల ఇదే అడిగిన్రు. అమ్మానాయినల కోసమే అబద్ధం చెప్పలే. కిరాయి ఇంటి కోసం చెప్తనా?"

తర్వాత అందరికీ వినబడేట్టు అంది. "సేటు, మీ పండుగలకు మేము ఎన్నడన్న అడ్డమొచ్చినమా? పిలిస్తే వచ్చినం, పెట్టింది తిన్నం. మాది గూడ పండుగనే. దేవుడు లేకపోతే మనుషులకు చలి పెట్టదా? సంతోషం రాదా?"

"నాతోని వాదం పెట్టుకోకు. దేవుడు లేని మంట నా వాకిట్ల మండొద్దు. ఆఖరు మాట చెప్తున్న, అందరు ఇనున్రి. ఈ కట్టెలు ఎవరంటిస్తే వాళ్ళు పొద్దుగాల్ల నా ఇల్లు ఖాళీ చెయ్యాలె."

గేటు దగ్గర నవ్వులు ఆగిపోయాయి. నోరు జారాక చెన్నబసప్పకూ కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. కానీ పదిమందిలో అన్న మాట వెనక్కి తీసుకోవడమంటే ఆయనకు తల తీసేసినంత పని.

హారూన్ కాసేపు కట్టెల వైపు, కాసేపు ఇంటి వైపు చూశాడు. చివరికి వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు.

"గియ్యి," అన్నాడు. "సామాన్లు నేను మోస్త."

త్రివేణి పుల్ల తీసింది. కోపంలో గట్టిగా గీసేసరికి విరిగింది. ఇంకోటి తీసింది. అదీ విరిగింది.

మళ్ళీ తీయబోతుంటే ఒక ముడతల చెయ్యి వచ్చి అగ్గిపెట్టె అందుకుంది. చెన్నబసప్ప తల్లి మహాదేవమ్మ. వెనక గదిలోంచి ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"మంచిగ చేసినవ్ అవ్వా," అన్నాడు కొడుకు, తల్లి తన తరఫునే వచ్చిందన్న ధీమాతో. "ఆ పెట్టె ఇటియ్యి. చలిల నిలబడకు, లోపలికి పో."

ఆమె ఇవ్వలేదు. త్రివేణి వైపు తిరిగింది.

"దేవుడు లేని పండుగ అంటున్నవ్. నిజమేనా బిడ్డా? యాడన్న ఒక మూలకన్న ఉన్నడా?"

త్రివేణి తటపటాయించింది. నిత్యం విభూతి పెట్టుకునే ముసలామె, నొచ్చుకుంటుందేమో. ఉన్నాడంటే ఇల్లు నిలుస్తుంది.

"లేడవ్వా," అంది త్రివేణి.

మహాదేవమ్మ వంగి, ఒక్క గీతకే పుల్ల వెలిగించి కట్టెల కింది చొప్పకు అంటించింది. ఎండిన కందికట్టె చిటపటమంటూ అందుకుంది. వాకిలంతా వెలుతురైంది.

చెన్నబసప్ప గబగబా తల్లి దగ్గరికి వచ్చాడు. "అవ్వా, నేనేమన్ననో ఇన్నవా? అంటించినోళ్ళు ఇల్లు..."

"ఇన్న. పొద్దుగాల్ల పోత తియ్." ఆమె మంటకు రెండు చేతులూ చాపింది. "మీ నాయిన పోయిన కాడ్నుంచి ఒక్క పండుగకు నన్ను దీపం ముట్టియ్యనియ్యలే నువ్వు, ముండమోసినదాని చెయ్యి దేవునికి పడదంటివి. ఆ పడనోడు లేని పండుగ ఇన్నేండ్లకు దొరికింది, ఊకుంటనా?"