చెల్లెలికి ఆరు గజాలు

“ఇదే. అంత్యక్రియలకి అందరూ కట్టేది ఇదే,” అంది డెడే.

లోమే పట్నం పెద్ద బజారులో ఆవిడ మాటంటే మాటే. గుడ్డల వ్యాపారంలో తల నెరిసిన మనిషి. మూట విప్పి గుడ్డని బల్ల మీద పరిచింది. నీలం మీద తెల్లటి బుట్టలు. ప్రతి బుట్టలోనూ ఒక చెయ్యి.

దర్జీ ఫోలీ గుడ్డని వేళ్లతో నలిపి చూశాడు. అతన్ని అనేహో ఊరి నుంచి పనిగట్టుకుని పిలిపించింది డెడే. లోమే దర్జీలైతే సాయంత్రానికల్లా బజారంతా టముకు వేసేస్తారు మరి.

“మంచి సరుకమ్మగారూ. దీని పేరేమిటి?”

అడగాల్సిన ప్రశ్నే. ఆ బజారులో గుడ్డకి పేరుంటుంది. తెప్పించిన వ్యాపారే ఆ పేరు పెడుతుంది. కట్టుకున్నవాళ్లు నోరు విప్పక్కర్లేదు, వాళ్ల మాట గుడ్డే అనేస్తుంది. సవతిని తిట్టాలన్నా, మొగుణ్ణి బెదిరించాలన్నా ఆడవాళ్లు తగిన గుడ్డ కట్టుకుని వీధిలో ఒక చుట్టు చుట్టి వస్తారు. ఇక చావుకి ఇంటివాళ్లు ఎంచిన గుడ్డయితే అందరూ కట్టి తీరాలి. కాదన్నవాళ్లని మనుషుల్లో లెక్కేయరు.

“పేరు ఆ రోజే తెలుస్తుంది. అందరూ కట్టుకుని చర్చిలో కూర్చున్నాక, మైకులో. మా మనవరాలు చెబుతుంది.”

“నేను చెప్పలేను అమ్మమ్మా,” అంది అయెలే. పొద్దుట్నుంచీ ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల కళ్లు వాచిపోయి ఉన్నాయి.

“నువ్వు కాకపోతే ఇంకెవరు చెబుతారే? ఏదీ, ఒకసారి అను.”

అయెలే తల దించుకుంది. “అక్క బుట్టలో చెయ్యి పెట్టింది నేనే.”

ఫోలీ చేతిలో టేపు జారిపోయింది. డెడేకీ చెల్లెలు కోకోవేకీ ఉన్న పగ సంగతి ఆ సముద్రతీరంలో తెలియనివాళ్లు లేరు.

నలభై ఏళ్ల కిందటి మాట. డెడే మొగుడు పోయాడు. ఆచారం ప్రకారం వితంతువు గది దాటి రాకూడదు. దుకాణం తాళాలు చెల్లెలి చేతిలో పెట్టింది. గడువు తీరి బయటికొచ్చేసరికి, తను బొగ్గుతో గీసి దాచుకున్న నమూనా ఊళ్లో ఆడవాళ్లందరి ఒంటి మీదా ఉంది. దాన్ని అమ్ముకునే హక్కు కోకోవే పేరు మీద ఉంది. కోకోవే బెంజి కారులో ఉంది. ఇదేమిటే అని నడిబజారులో నిలదీస్తే, “పాపం, మొగుడు పోయాక మా అక్కకి మతి చలించింది” అని అందరి ముందూ కళ్లు ఒత్తుకుంది ఆ మహాతల్లి. జనం నమ్మారు. వ్యాపారం పోతే పోయింది, మళ్లీ కూడబెట్టుకుంది డెడే. పిచ్చిదన్న మాట మాత్రం గుండెలో ముల్లై కూర్చుంది. చర్చిలో క్షమాపణ ప్రార్థన వచ్చినప్పుడల్లా ‘మేము క్షమించినట్టు’ అన్న ఒక్క వాక్యం దగ్గర పళ్లు బిగబట్టి ఊరుకుంటుంది.

“చావు దగ్గర కూడా పగేనా అమ్మమ్మా?”

“బతికుండగా కుదిరిందా? నోరెత్తితే పిచ్చిదన్నారు. ఇప్పుడెవరంటారో అననీ. అది సరే, చర్చిలో చదవాల్సింది రాశావుగా, చదువు. ఇతనూ వింటాడు.”

అయెలే గొంతు సవరించుకుంది. “కుటుంబానికి, దైవానికి, వ్యాపార నాయకత్వానికి, సేవకి అంకితమైన నిండు జీవితం. కన్నపిల్లలకీ అనాథలకీ ఒకే కంచంలో అన్నం పెట్టిన తల్లి. వర్తకుల సంఘానికి పెద్ద దిక్కు...”

“కాన్పుల ఆసుపత్రి కట్టించిన సంగతి?”

“రాశాను. చర్చికి గంట ఇచ్చిన సంగతి కూడా రాశాను.”

“ఇంకా పొగడవే! మొహమాటమెందుకు? ఎంత పొగిడితే ఆ గుడ్డ అంత గట్టిగా మాట్లాడుతుంది.” డెడే పకపకా నవ్వింది. నవ్వుతూనే దగ్గింది. మనవరాలు గంజి గిన్నె అందిస్తే పక్కకి తోసేసింది. పగ ముందు ఆకలి ఏపాటి!

ఫోలీ కింద పడ్డ టేపు తీసుకున్నాడు. “కోకోవేగారికి ఎలా కుట్టమంటారు?”

“ఆరు గజాలూ దానికే. జాకెట్టు, లంగా, పైన కప్పుకునే గుడ్డ. బిగించి కుట్టు. మధ్యలో విప్పడానికి వీల్లేకుండా.”

“ఆవిడకి ఇంకెవరు విప్పుతారమ్మగారూ!”

“దాని సంగతి నీకు తెలీదులే. కొలతలు అయెలే నిన్న వెళ్లి తెచ్చింది. ఏమే, లావయిందా?”

“చిక్కిపోయింది. కొలుస్తున్నంతసేపూ ఒక్క మాట లేదు.”

“ఏం మాట్లాడుతుంది ఇంకా!”

ఫోలీ శిలువ గుర్తు వేసుకున్నాడు. చేసిన పాపం చేసిందే, కానీ మనిషన్నాక కాస్త జాలి ఉండొద్దూ? ఆగలేక అనేశాడు. “ఆ పేరున్న గుడ్డ కట్టుకుని దేవుడి ముందు నిలబడాలా ఆవిడ?”

“దేవుడి సంగతి తర్వాత. ముందు బజారు ముందు నిలబడనీ.”

ఇక ఆ ముసలావిడతో వాదించి లాభం లేదనుకున్నాడు ఫోలీ. టేపు సాగదీసి దగ్గరికొచ్చాడు.

“లేవండమ్మగారూ, మీ కొలతలూ తీసుకుంటాను. అక్కగారు కదా, రేపు అందరికంటే ముందు వెళ్లాల్సింది మీరేగా.”

“ముందు వెళ్లేది నేనే గానీ నాకు నీ కుట్టుతో పనిలేదయ్యా,” అంది డెడే, “నా కొలతలు ఇవాళ పొద్దున్నే వడ్రంగి తీసుకుపోయాడు, శవపేటికకి, ఆ గుడ్డ కట్టుకుని ఊరంతా చూస్తుండగా ఆ పేటిక వెనక నడవాల్సింది మా చెల్లెలు.”