పాస్‌వర్డ్ తప్పు

“పాస్‌వర్డ్ తప్పు.”

ప్రింటర్ మీది చిన్న తెర మళ్లీ అదే మాట చూపించింది. ఇది తొమ్మిదోసారి.

ఆఫీసులో కంప్యూటర్లు చూసే టెక్నీషియన్ నుదుటి చెమట మోచేత్తో తుడుచుకున్నాడు. నిన్న ఆఫీసంతటికీ కొత్త నెట్‌వర్క్ పెట్టారు. ప్రింటర్ మాత్రం పాతదాన్నే పట్టుకు వేలాడుతోంది. దాని సెట్టింగులు మార్చాలంటే పాస్‌వర్డ్ కొట్టాలి.

“ఇంకా ఎంతసేపయ్యా?” మేనేజర్ రావడం ఇది నాలుగోసారి. “ఆ పదకొండు ఉత్తరాలూ సాయంత్రం ఐదులోగా చేతికివ్వాలి. హెడ్డాఫీసు ఆర్డరు. రేపటికి అవి చిత్తుకాగితాలు. పోనీ, పెన్‌డ్రైవ్ పెట్టి లాగెయ్!”

“దానికీ ఇదే తాళం సార్.”

“బయట షాపులో తీయిస్తే?” అన్నాడు పక్కనున్న క్యాషియర్.

“ష్! విషయం బయటికి పొక్కితే నా ఉద్యోగం ఊడుతుంది,” అన్నాడు మేనేజర్.

నిరుడు రిటైరైన పాత టెక్నీషియన్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. ఆ పెద్దాయన పాస్‌వర్డ్ అక్షరం అక్షరం చెప్పాడు. మేనేజర్ కళ్లముందే కొట్టాడితను. తప్పంది తెర.

“నేను పెట్టింది అదేనయ్యా! మధ్యలో ఎవరు వేలు పెట్టారో మరి!” అన్నాడు పెద్దాయన.

మేనేజర్ ఫోన్ కట్టేశాడు. కోపమంతా ఎదురుగా ఉన్నవాడి మీదికి మళ్లింది.

“ఒక్క పెట్టెని దారికి తేలేవు. నీకెందుకయ్యా ఈ ఉద్యోగం?”

హాలు హాలంతా తల తిప్పి చూసింది. అతను తలెత్తలేదు. ప్రింటర్ కంపెనీవాళ్లను అడిగితే, రేపు మధ్యాహ్నానికి గానీ మనిషిని పంపలేమన్నారు.

మూడింటికి డేటా ఎంట్రీ అమ్మాయి టీ తెచ్చింది.

“తాగండన్నయ్యా. పొద్దుట్నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదు. మిషను మొండికేస్తే మీరేం చేస్తారు?”

అతను గ్లాసు అందుకున్నాడు. ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

“రేపటితో నేను చేరి ఆర్నెల్లు. అందరికీ స్వీట్లు తెస్తా. ఇన్ని తిట్లు తిన్నారుగా, మీకు రెండు!” నవ్వేసి తన సీటుకెళ్లిపోయింది.

అతను గ్లాసు పక్కన పెట్టేసి మళ్లీ ప్రింటర్ వైపు తిరిగాడు.

ఐదైంది. మేనేజర్ కుర్చీలో కూలబడ్డాడు.

“అయిపోయింది. తెల్లారితే ఆర్నెల్లు నిండి ఆ పదకొండు మందీ పర్మనెంటు. ఇక తీసేయడానికి వీల్లేదు. హెడ్డాఫీసు నన్ను నమిలేస్తుంది.” తల ఎత్తి అతని వైపు ఉరిమి చూశాడు. “వాళ్ల బదులు నువ్వు పోతావ్. పొద్దున్నే నా గదికి రా.”

“అలాగే సార్.”

హాలు ఖాళీ అయ్యాక అతను ప్రింటర్ దగ్గరికెళ్లి, పొద్దున మేనేజర్ కంప్యూటర్లో ఆ పదకొండు పేర్లూ కంటబడగానే తాను మార్చేసిన పాస్‌వర్డ్‌ను ఒక్క తప్పూ లేకుండా కొట్టాడు.