బారెడు గొట్టం

సోలార్ పలకలు కడిగే కూలిపని నుంచి వచ్చిన ఓబులేశ్, మనవరాలు శిల్పశ్రీ అరుగు మీద పరిచిన డైవింగ్ సామాను చూసి తుపుక్కున ఉమ్మాడు.

“నాగలమడిక ఏట్లో చుక్క నీళ్లు లేవు. ఈ సంతంతా యాడికే? నేను ముక్కు మూసుకొని నలభై ఏండ్లు బావులు దిగినాను.”

“ఇప్పుడు చెరువులో ఈతకూ, రేపు నీళ్లు నిండిన క్వారీ లోతుకూ ఈ సెట్టే సరిపోతాది తాతా.”

“నోరొకటి, గొట్టాలు రెండా? ఇదేంది, బారెడుండాది! మడికి నీళ్లు కడతావా?”

“పొట్టిది నాకు. పొడుగుది, నాకు తోడు దిగినోళ్లకు గాలి అయిపోతే ఇచ్చేదానికి.”

ఓబులేశ్ నవ్వబోయి ఆగాడు. గొట్టాన్ని రెండు చేతులా చాచి కొలిచాడు.

“మీ చిన్నతాత బావి అడుగున నాకు రెండు బారల దూరంలో ఊపిరాడక పోయినాడు. ఇంత పొట్టిది తెచ్చినావేందే!”