తెర మీద లేని మాట

“సినిమా చూశావా, నిద్రపోయావా? ఆ ఒక్క ముక్కా చెప్పు తల్లీ,” అంది వోత్రుబోవా టీచర్.

ఎదురుగా నిలబడింది దొరోత. పన్నెండేళ్ళ పిల్ల. మెడలో ‘బాల విలేకరి’ అని రాసిన పసుపు కార్డు. వెనక కోట్లు తగిలించే కొక్కేలు, ముందు టీచరు బల్ల. పిల్లల చలనచిత్రోత్సవం జరిగే వారం రోజులూ సాంస్కృతిక భవనంలో కోట్లు దాచే గదే బాల విలేకరుల ఆఫీసు. దానికి కిటికీ కూడా లేదు.

బల్ల మీద ఆ ఉదయం అచ్చయిన ఉత్సవ పత్రిక ఉంది. మూడో పేజీలో, ముందురోజు చూసిన సినిమా మీద దొరోత రాసిన సమీక్ష. చివరి రెండు వాక్యాల కింద ఎర్ర గీత. ‘ఓడ మీద నుంచి అన్న ఫోన్ చేసి, వస్తాను, నా కోసం చూస్తూ ఉండు అంటాడు. అక్కడ నాకు ఏడుపు వచ్చింది.’

“ఆ నార్వే దర్శకురాలు దీన్ని అడిగి మరీ చదివించుకుంది. ఆమె సినిమాలో అన్న ఏమంటాడో తెలుసా? ‘నేనిక రాను, నా కోసం చూడకు’ అంటాడు. సినిమా అంతా ఆ మాట కోసమే తీసిందట. మీ పిల్లలు చూడకుండానే రాస్తారా అని అడిగింది. నా తల ఎక్కడ పెట్టుకోమంటావు?”

గోడకు ఆనుకుని రొట్టె నములుతున్న హినెక్ అందుకున్నాడు. వాడూ విలేకరే.

“నిద్రపోయింది టీచర్. చివరి వరసలో, గాజు గది ముందు కూచుంది. కళ్ళు మూసేసుకుంది. నేను చూశాగా. పైగా చెవులకి హెడ్‌ఫోన్లు, చదవడం రాని బుడ్డోళ్ళలాగా.”

అదీ నిజమే. పరాయి భాష సినిమా వస్తే పెద్ద పిల్లలు తెర కింద అక్షరాలు చదువుకుంటారు. అక్షరాలు రాని చిన్నపిల్లలకు హెడ్‌ఫోన్లు ఇస్తారు. హాలు చివర గాజు గదిలో, చిన్న దీపం కింద, ఒకే మనిషి కాగితాలు చూసి చదువుతూ ఉంటాడు. సినిమాలో అమ్మా అతడే, దొంగా అతడే, కుక్కా అతడే. మూడు రోజులుగా దొరోత ఏరికోరి అలాంటి సినిమాలకే వెళ్ళింది. ‘పాలపళ్ళ విలేకరి’ అని హినెక్ పేరు పెట్టినా పట్టించుకోలేదు.

“నేను విన్నదే రాశాను టీచర్,” అంది మెల్లగా.

టీచరు కళ్ళజోడు సర్దుకుంది. “విన్నావా? అంటే ఆ చదివినాయన మాట మార్చేశాడా?”

దొరోత నాలుక కరుచుకుంది.

“అదే నిజమైతే నీ తప్పేం లేదు. ఇప్పుడే పైవాళ్ళకి ఫోన్ చేస్తాను. రాసిచ్చింది రాసిచ్చినట్టు చదవనివాణ్ణి ఇక్కడ ఒక్క పూట ఉంచరు. సాయంత్రానికి సంచీ సర్దుకోమంటారు, మళ్ళీ జన్మలో పిలవరు. అది ఆయన ఖర్మ.” టీచరు ఫోన్ చేతిలోకి తీసుకుంది. “లేదూ, నువ్వే కల్పించావంటే కార్డు తీసేస్తాను. టిక్కెట్లన్నీ ఎప్పుడో అయిపోయాయి. మిగిలిన నాలుగు రోజులూ ఏ హాల్లోనూ అడుగు పెట్టలేవు. రేపటి పత్రికలో నీ పేరుతో క్షమాపణ వేయాలి. దర్శకురాలు కింద కాఫీ తాగుతోంది, పైకి వచ్చేలోగా తేల్చు.”

“మిగతా హెడ్‌ఫోన్ల వాళ్ళని అడుగుదామా టీచర్?” అన్నాడు హినెక్. “అందరూ బాలబడి పిల్లలే. సినిమాలో ఏనుగు వచ్చిందా అంటే వచ్చిందంటారు.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే గాజు గదిలో మనిషి పోతాడు. చెప్పకపోతే తను అబద్ధాలకోరు అవుతుంది, బడి బడంతా చదువుతుంది. దొరోతకు ఏడుపుతో పాటు ఒళ్ళుమండింది. ఆ మాట మార్చమని ఎవరడిగారు? ఉన్నది ఉన్నట్టు చదివితే ఏం పోయింది?

టీచరు అంకెలు నొక్కడం మొదలుపెట్టింది.

“వద్దు టీచర్.”

“ఏం వద్దు?”

“హినెక్ చెప్పిందే నిజం. నిద్రపోయాను. చివర ఏమైందో నాకు తెలీదు. కల్పించి రాశాను.”

హినెక్ నమలడం ఆపేశాడు. తన మాటే నెగ్గినా వాడి ముఖం చిన్నబోయింది.

“నువ్విలాంటి పిల్లవనుకోలేదు దొరోతా,” అని టీచరు చెయ్యి చాపింది. కేకలేసినా బాగుండేది. దొరోత కార్డు తీసి ఆ చేతిలో పెట్టి బయటికి నడిచింది.

ఇంటికి పోబుద్ధి కాలేదు. మెట్లెక్కి పెద్ద హాలు దగ్గరికి వెళ్ళింది. మధ్యాహ్నం ఆట మొదలవుతోంది. తలుపు దగ్గర టిక్కెట్లు చూసే ముసలావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

“కార్డేదమ్మాయ్?”

“లేదండి. ఊరికే, ఈ సందులోంచి ఒక్కసారి చూసి వెళ్ళిపోతాను.”

“అక్కణ్ణించి తెర కనబడదే పిచ్చిపిల్లా. ఆ గాజు గది తప్ప ఏముంది చూడ్డానికి?”

దొరోత తలుపు సందులో ముఖం ఆనించింది. ముసలావిడ కసరబోయి, పిల్ల కళ్ళు చూసి ఆగిపోయింది.

“ఎవరమ్మా ఆయన?” అని అడిగింది.

“మా నాన్న,” అంది దొరోత, “ఇల్లు వదిలి వెళ్ళిన రెండేళ్ళకి, నిన్ననే నాతో మాట్లాడాడు.”