ముందు కూర్చున్న మనిషి

“మీరు రావడం ఇది మూడోసారమ్మా. ఎన్నిసార్లు వచ్చినా జవాబు మారదు,” అన్నాడు బీమా కంపెనీ ఫిర్యాదుల అధికారి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుంటూ.

“ఈసారి ఉత్తచేతులతో రాలేదు బాబూ,” అని పెద్దావిడ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పక్క కుర్చీలో డ్రిల్లు మాస్టారి భార్య ముళ్ల మీద కూర్చున్నట్టు ఉంది. మాస్టారు ఇంట్లో మంచం మీద ఉన్నాడు. ఏడాది కిందట సెలవులకి కొండ ఊరికి వెళ్లి పారాగ్లైడింగ్ చేశాడు. దిగేటప్పుడు గాలి అడ్డం తిరిగి రాళ్ల మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఒక ఆపరేషన్ అయింది, ఇంకొకటి చేస్తేగానీ నిలబడలేడు. జాగ్రత్త గల మనిషి కాబట్టి ప్రయాణ బీమా తీసుకున్నప్పుడే సాహస క్రీడలకి కూడా కవరు అడిగి మరీ వేయించుకున్నాడు. అయినా కంపెనీ క్లెయిము కొట్టేసింది. ‘లైసెన్సు ఉన్నవాడితో కలిసి ఎగిరితేనే బీమా వర్తిస్తుంది. మీరు ఒంటరిగా ఎగిరారు’ అని రెండు ముక్కల ఉత్తరం పంపి చేతులు దులుపుకుంది.

రెండు నెలల కిందట ఈ పెద్దావిడ వాళ్ల తలుపు తట్టింది. “బీమా కాగితాలు చూడటం నాకు అలవాటే. ఒకసారి చూపిస్తారా?” అని అడిగింది. స్కూలువాళ్లెవరో పంపారనుకున్నారు ఆలుమగలు. ఆమె అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

“ఈ సంతకం పెట్టిన చెయ్యి పడిపోనూ! లేవలేని మనిషిని పట్టుకుని అబద్ధాలకోరంటారా?” అని మాస్టారి భార్య ఆ ఉత్తరం ఆమె చేతిలో పెట్టి బావురుమంది.

పెద్దావిడ ఉత్తరం విప్పలేదు. మడత మీదే సంచిలో పెట్టుకుంది. “ముందు నువ్వు ఇంత తిని కూర్చో తల్లీ. మిగతాది నేను చూస్తాను,” అంది.

అప్పట్నుంచి ఆమెకి అదే పని అయిపోయింది. ఈ ఆఫీసుకి తిరిగింది, ఆస్పత్రికి తిరిగింది. చివరికి కొండకి వెళ్తానంది.

“ఆ మోకాళ్లతోనా పిన్నిగారూ? మా కోసం మీకెందుకండీ ఇంత అవస్థ?” అన్నాడు మాస్టారు మంచం మీద నుంచే.

“మోకాళ్లు నావేగా నాయనా,” అని బయల్దేరింది.

అక్కడ ఏం జరిగిందో ఇప్పుడు అధికారికి చెప్పడం మొదలుపెట్టింది.

“మాస్టారు ఒంటరిగా ఎగిరాడని మీకు ఎవరు చెప్పారు బాబూ?”

“ఎవరో చెప్పడమెందుకు? ఫొటో ఉంది కదా,” అని ఫైలు తిప్పి చూపించాడు. ఫొటోలో మాస్టారు గాల్లో ఉన్నాడు, ఒంటి నిండా పట్టీలు. వెనక ఎవరూ కనబడటం లేదు. “ముందు కూర్చున్నది ఆయనే. ముందున్నవాడేగా నడిపేది!”

“అది కార్లో. ఇందులో నడిపేవాడు ముందు మనిషి చాటున, వెనక కూర్చుంటాడు. కొండెక్కేదాకా నాకూ తెలియదు.”

“మాటలతో పని జరగదమ్మా.”

పెద్దావిడ సంచిలోంచి ఇంకో ఫొటో తీసి దాని పక్కన పెట్టింది. అధికారి కళ్లజోడు కిందికి దించుకుని చూశాడు. నెత్తిన హెల్మెట్, ఒంటికి పట్టీలు, కింద లోయ. చీర కుచ్చిళ్లు ప్యాంటులో దోపుకుని గాల్లో తేలుతున్నది ఎవరో కాదు, ఎదురుగా కూర్చున్న పెద్దావిడే.

“మీరా!”

“నేనే. వెనక ఎవరైనా కనబడుతున్నారా?”

“లేదు.”

“మరి నేనే నడిపానంటారా? నాకు సైకిలు తొక్కడం కూడా రాదు.”

అధికారికి నవ్వాగలేదు. ఆమె మాత్రం నవ్వలేదు.

“ఆ రోజు మాస్టారిని ఎగరేసిన అబ్బాయి మొదట కాగితం ఇవ్వనన్నాడు. కేసులో ఇరికిస్తారని భయం. మూడు రోజులు వాడి షెడ్డు ముందే కూర్చున్నాను. ‘నువ్వు వెనకే ఉన్నావని ఎలా నమ్మిస్తాను?’ అంటే, ‘అయితే ఎక్కి చూడండి’ అన్నాడు. ఎక్కాను. కాళ్ల కింద నేల పోయింది. అయినా కళ్లు మూసుకోలేదు. ఇదిగో వాడి రిజిస్టరు నకలు. ఆ తేదీ, మాస్టారి పేరు, వాడి లైసెన్సు నంబరు, సంతకం. అసలు వాడి పేరు క్లెయిము ఫారం రెండో పేజీలోనే ఉంది. మీవాళ్లు ఆ పేజీ తిప్పలేదు.”

“తిప్పలేదని మీకెలా తెలుసు?”

“తిప్పి ఉంటే అలా రాయరు.”

అధికారి రెండో పేజీ తీశాడు. వేలు పెట్టి చదివాడు.

“మీరన్నదే నిజం. కానీ ఆరు నెలల గడువు దాటిపోయిందమ్మా. ఇప్పుడు ఫైలు తెరవాలంటే ఒక్కటే దారి. కొట్టేసిన అధికారే తప్పు తమదని రాసివ్వాలి. కింద పేరు కూడా లేదు, ఉత్త హోదా, సంతకం. హెడ్డాఫీసు మనిషి, ఈపాటికి రిటైరై ఉంటారు. ఒప్పుకుంటే విచారణ వేస్తారు, పింఛనుకే ఎసరు రావచ్చు. కోరి ఎవరు నెత్తికెత్తుకుంటారు చెప్పండి?”

మాస్టారి భార్య పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“రాసిస్తే?” అంది పెద్దావిడ.

“ఇక్కడే, ఇప్పుడే తెరుస్తాను.”

పెద్దావిడ బల్ల మీది తెల్లకాగితం తన ముందుకి లాక్కుంది. పెన్ను మూత తీసి, మాస్టారి భార్య వైపు తిరిగి, ఆమె కళ్లలోకి చూసింది.

“ఆ సంతకం నాదే తల్లీ.”